ధారావాహిక కథలు – శ్రోతల తీర్పు

కావ్యమునకుఁ గర్త యెవఁడు, కృతిపతి యెవఁడు, నాయకుఁ డెవఁడు అను విషయములను మన వాఙ్మయచరిత్రకారులు మిక్కిలి శ్రద్ధతో విచారించియున్నారు. కాలనిర్ణయములు చేసిరి, పాఠభేదములు పరిశీలించిరి, ప్రక్షిప్తములను వేఱుచేసిరి. కాని కథకు నాలవ యాశ్రయ మొకటి కలదు. అది శ్రోత. సర్పయాగమునందు జనమేజయుఁడు అడుగుటచేత వైశంపాయనుఁడు భారతమును జెప్పెను. నైమిశారణ్యమున శౌనకాదులు వినఁగోరుటచేత సూతుఁడు దానినే మరలఁ జెప్పెను. రాజరాజనరేంద్రుఁడు వినఁగోరుటచేత నన్నయభట్టు తెలుఁగున నారంభించెను. అడుగువాఁడు లేనిచోఁ జెప్పువాఁడు లేఁడు. ఐనను శ్రోతను మనము కథకుఁ గట్టిన చట్రముగాఁ దలఁచితిమేగాని, కథను నడపు శక్తిగా నెంచలేదు.

ఈ వ్యాసమునందు విచారింపఁ బూనినది ఆ శ్రోతయొక్క తీర్పు. కథ నడచుచుండఁగా వినువారు పాత్రలను మెచ్చుట, దూషించుట, కన్నీరు పెట్టుట, కథ తిరిగిన మలుపునకుఁ గోపించి యిట్లు జరుగరాదని వాదించుట నేఁడు టెలివిజను ధారావాహికల విషయమున నిత్యము చూచుచున్న యాచారము. పండితులు దీనిని జూచి నవ్వుదురు. కాలము వ్యర్థమగుచున్నదని కొందఱు, గృహిణుల మనస్సులు చెడుచున్నవని కొందఱు చెప్పుదురు. ఈ మాటలు క్రొత్తవి కావు. నవలలు వెలసిన క్రొత్తలో నవలలను గూర్చియు, అంతకు మున్ను వీథిభాగవతములను గూర్చియు నిట్టి మాటలే వినఁబడినవి. నవ్వుటకు ముందు చరిత్రను జూచుట పరిశోధకుని ధర్మము. నాకుఁ దోఁచిన దిది: ధారావాహిక శ్రోతల యావేశము టెలివిజనుతోఁ బుట్టిన వ్యాధి కాదు, మన కథాసంప్రదాయమున శ్రోతకుఁ గల ప్రాచీనాధికారము. క్రొత్తగా వచ్చిన లోపము వేఱొకటి కలదు. దానిని వ్యాసాంతమునఁ జెప్పెదను.

ఈ విచారమునకు నుత్తర తెలంగాణమునందలి హుస్నాబాదు ప్రాంతమును మొదటి యాధారముగాఁ గైకొంటిని. ఈ పట్టణము 2016వ సంవత్సరము వఱకుఁ గరీంనగరము జిల్లాలోనుండి, ఆ యేట జరిగిన జిల్లాల పునర్విభజనమున సిద్దిపేట జిల్లాలోఁ జేరినది. ఉత్తరమునఁ గరీంనగరము, తూర్పున నోరుగల్లు, పడమట సిద్దిపేట దీనికి సమీపనగరములు. ఊరిలో నెల్లమ్మ చెరువును, రేణుకా యెల్లమ్మ గుడియు ప్రసిద్ధములు. అనతిదూరమునఁ గోహెడ మండలమున సర్వాయిపేట కలదు. మొగలాయి యధికారము నెదిరించి 1710లో మరణించిన సర్వాయి పాపన్న పేరు అచ్చటి కోటతో ముడివడియున్నది. పాపన్న గౌడకులజుఁడు, ఎల్లమ్మ గౌడుల యిలవేల్పు. కావున నీ ప్రాంతమున వీరకథయు దేవతాకథయు నొకదానిప్రక్క నొకటి జీవించుచున్నవి.

ఇచ్చటి గ్రామములలోఁ గథ చెప్పువారు పలుతెగలవారు. బైండ్లవారు జమిడిక మీటుచు నెల్లమ్మకథ చెప్పుదురు. చిందువారు భాగవతములాడుదురు, జాంబపురాణము చెప్పుదురు. కురుమలకును గొల్లలకును పూజారులైన యొగ్గువారు బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ కథలు చెప్పుదురు. ఒగ్గు అనఁగా శివుని డమరుకమును బోలిన చిన్న వాద్యము. దానిపేరనే యా కథలకు నొగ్గుకథలను పేరు వచ్చినది. వేములవాడ సమీపమునందలి హనుమాజిపేటవాఁడైన మిద్దె రాములు (మరణము 2010), జనగామ ప్రాంతమునందలి మాణిక్యాపురమువాఁడైన చుక్క సత్తయ్య (మరణము 2017) ఈ విద్యను దేశమున నలుదెసలఁ బ్రసిద్ధిపఱచిరి.

ఈ కథలలోఁ బెద్దవి యొక్క రాత్రితో ముగియవు. బీరప్ప కథ వరుసగాఁ గొన్నిదినములు నడచును. తెల్లవాఱఁగానే కథ యొకచోట నాగును. నాయిక యడవిలోనుండఁగనో, వీరుఁడు పగవారి చేతఁ జిక్కియుండఁగనో యాగును. శ్రోతలు పొలమునకుఁ బోయి నాట్లు వేయుచు, కలుపు తీయుచు నా కథనే చెప్పుకొందురు, తప్పెవరిదని తర్కింతురు, మాపటికి మరల వచ్చి కూర్చుందురు. ధారావాహిక యనఁగా నిదియే. విరామమును, విరామమునందలి చర్చయు దాని ప్రాణము. ఇట్టి యాచారము ప్రాచీనమనుటకు దూరము పోనక్కఱలేదు. హుస్నాబాదునకుఁ దూర్పుననున్న యోరుగంటి వీథులలోఁ బలనాటి వీరుల కథను వాద్యములతోఁ బాడుట క్రీడాభిరామమున వర్ణింపఁబడినది. పలనాఁటి కథ యోరుగంటిలో నాదరమందినదన్నచో, అది కవిప్రతిభ మాత్రమే కాదు. కాకతీయరాజధానిలో వీథిశ్రోతకుఁ గల రుచికి నిదర్శనము.

శ్రోత యీ కథాసభలలో నూరక కూర్చుండువాఁడు కాఁడు. అతనికిఁ గొన్ని యధికారములు కలవు. మొదటిది ఊ కొట్టుట. ఊ కొట్టువాఁడు లేనిదే కథ సాగదని బాలురు సైత మెఱుఁగుదురు. రెండవది ప్రశ్నించుట. ఒగ్గుకథలోఁ బ్రధానకథకుని ప్రక్క నింకొకఁడు నిలిచి, నడుమ నడుమ నడ్డుతగిలి యడుగును, ఎగతాళి చేయును, జాలిపడును. వానిని మనము వంతగాఁ డందుము. కాని వాఁ డడుగునవి శ్రోతల మనస్సులోని ప్రశ్నలే. మూఁడవది చదివింపు. ఒక ఘట్టము మనసునకు నచ్చినచో శ్రోత లేచి రూపాయి యిచ్చును. కథకుఁడు కథ నాపి యా యిచ్చినవాని పేరు సభలోఁ జదువును. నాలవది శిగము. దేవతకు దుఃఖము గలిగిన ఘట్టమున శివసత్తి శిగమూఁగును. కథలోని దేవత శ్రోత నోటనే మాటాడును. ఊ కొట్టుటతో నారంభించి శిగముతో ముగియు నీ నాలుగు మెట్లలో శ్రోత క్రమముగాఁ గథలోని కెక్కుచున్నాఁడు. పాత్రను నిజమైన మనుష్యునిగా నెంచుట మూఢత్వమని యనువారు, ఈ సభలలో నది మూఢత్వము గాక మర్యాదయై యుండెనని గ్రహింపవలెను.

ఇఁక శ్రోతల తీర్పు కథను మార్చుట గలదా యను ప్రశ్నకు హుస్నాబాదు గుడిలోని దేవతయే ప్రత్యుత్తరము. రేణుక కథ భారత వనపర్వమునఁ గలదు. అకృతవ్రణుఁడు ధర్మరాజునకుఁ జెప్పిన దది. జమదగ్ని భార్యయైన రేణుక స్నానమునకుఁ బోయి, చిత్రరథుఁడను రాజు జలక్రీడ లాడుచుండఁ జూచి చిత్తచాంచల్యము నొందెను. ముని దానిని గ్రహించి యామెను జంపుఁడని కుమారుల కాజ్ఞాపించెను. రుమణ్వంతుఁడు, సుషేణుఁడు, వసువు, విశ్వావసువు అను నలువురు నొల్లక శాపమునకు గుఱియైరి. కడపటివాఁడైన పరశురాముఁడు గొడ్డలితోఁ దల్లి తల నఱకెను. తండ్రి మెచ్చి వరము లీయఁగా, తల్లి బ్రదుకవలెననియు, తాను చంపఁబడిన సంగతి యామెకు జ్ఞప్తి యుండరాదనియు నడిగెను. ఆమె బ్రదికెను. ఇతిహాసమునందు రేణుక చరిత యించుమించుగ నిచ్చటనే ముగిసినది. తరువాతి కథ యంతయుఁ దండ్రీకొడుకులది.

ఊరి శ్రోత యా ముగింపు నంగీకరింపలేదు. పెక్కు గ్రామములలోఁ జెప్పు పాఠమున నెల్లమ్మ ప్రాణభీతితోఁ బరుగిడును. గొప్పయిండ్ల తలుపులు తెఱవఁబడవు. మాదిగయింట లందలో దాఁగికొనఁగా వారామెను గాపాడుదురు. శిరస్సు మాఱిన వృత్తాంతమును, బ్రదికిన తరువాత నామె భర్తయింటి యిల్లాలిగాఁ గాక యూరూరఁ బూజలందు తల్లిగా వెలయుటయు నీ పాఠముల ప్రధానాంశములు. అనఁగా నేమైనది? పురాణమున దండించినవాఁడు ముని, దండింపఁబడినది యిల్లాలు. జానపదకథలో దండింపఁబడినదే దేవత.  పరశురాముఁడు తల్లి మఱచిపోవలెనని వరమడిగెను. తల్లి మఱచినను శ్రోతలు మఱవలేదు. తరతరముల శ్రోతలు ప్రతిరాత్రియు నదే యన్యాయమును విని, ప్రతిరాత్రియు నామె పక్షముననే తీర్పు చెప్పుటచేత నొక గొప్ప కథ మాఱినది. ఇంతకంటె బలవత్తరమైన శ్రోతల ప్రతిస్పందనము లోకమున నెచ్చటను లేదు.

సీత విషయమునను నిట్లే జరిగినది. ఉత్తరకాండమున రాముఁడు సీతను విడుచుటకు జనాపవాదము కారణము. ఇంత స్వల్పకారణమునకు నింత ఘోరమా యని శ్రోతలకుఁ దోఁచియుండును. తెలుఁగు స్త్రీల రామాయణపుపాటలలో నా లోపము వేఱువిధముగఁ బూరింపఁబడినది. శూర్పణఖ మాఱువేషమున నయోధ్యకు వచ్చి రావణుని రూపము వ్రాయుమని సీతను బ్రతిమాలును. సీత వానిని దలయెత్తి చూచినది కాదు గనుకఁ గాలి బొటనవ్రేలిని మాత్రము వ్రాయును. తక్కినది శూర్పణఖ పూర్తిచేయును. ఆ పటము నెంత దాఁచినను దాఁగక రాముని కంటఁబడును. కథ యడవిదారి పట్టును. 1991లో వెల్చేరు నారాయణరావుగారు ఈ పాటలను విమర్శించుచు నివి స్త్రీలకుఁ బ్రత్యేకమైన రామాయణమని నిరూపించిరి. పాడినవారు మొదట విన్నవారే. సీతను నిర్దోషిగా నిలుపుటకు నొక ప్రతినాయిక కావలసివచ్చెను. శ్రోతలే యామెను గథలోనికిఁ దెచ్చిరి. వీరి కన్నీటి బలము 1963లో లవకుశ చలనచిత్రము వెలువడినప్పుడు మరలఁ గనఁబడినది. పల్లెజనులు బండ్లు కట్టుకొని పట్టణములకు వచ్చి చూచిరి. సీతపాత్రధారిణి యంజలీదేవికి స్త్రీలు నమస్కరించిరి.

అచ్చుయంత్రము వచ్చిన పిదప ధారావాహికకుఁ గ్రొత్తరూపు గలిగినది. కందుకూరి వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో భాగములుగ వెలువడి, 1880లోఁ బుస్తకమైనది. తెలుఁగునవల ధారావాహికముగనే జన్మించినదనుట మన పండితులు జ్ఞప్తియందుంచుకొనఁదగిన సంగతి. తెలంగాణమున 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వెలసినవి. పత్రికలు చదువువా రా కాలమున స్వల్పసంఖ్యాకులైనను, చదువరి యొకఁడున్నచోఁ జుట్టును వినువారు పలువురు. తరువాతి కాలమున యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరి వంటి నవలలు పత్రికలలో భాగములుగ వచ్చునప్పుడు, పై సంచిక కొఱకు వేచియుండుట, కథానాయకుని గూర్చి వాదులాడుకొనుట మధ్యతరగతి గృహములలో సామాన్యమైనది. అయితే శ్రోత పాఠకుఁడైనప్పు డొక మార్పు కలిగెను. కథకుఁడు ఎదుట లేఁడు. ఊ కొట్టుటకు బదులు లేఖ వ్రాయవలెను. ప్రత్యుత్తరము వచ్చుటకు వారములు గడచును.

ఇతరదేశములందును నిదే చరిత్ర. ఇంగ్లండులో డికెన్సు 1840–41లో వారపత్రికగా వెలువరించిన ఓల్డ్ క్యూరియాసిటీ షాప్ అను నవలలో నెల్ అను బాలికను జంపవలదని పాఠకులు లేఖలు వ్రాసి వేఁడుకొనిరి; ఆతఁడు వినలేదు. కానన్ డాయిలు 1893 డిసెంబరున షెర్లాక్ హోమ్సును జలపాతమునఁ బడవేసి కథ ముగించెను. పాఠకులు కోపించిరి, పత్రిక చందాలు మానుకొనిరని ప్రతీతి. ఎనిమిదేండ్లకు, 1901లో, హోమ్సు మరణమునకుఁ బూర్వపుఁ గథయను నెపమున నొక నవల నారంభించెను. 1903లో నాతఁడు మరణింపనేలేదని వ్రాసి మరలఁ దెచ్చెను. ఒక రచయిత తన పాత్రను జంపఁగా, పాఠకులు పదేండ్లకైనను బ్రదికించిరి.

అమెరికాలో 1930 తరువాత రేడియోలోఁ బగటివేళ గృహిణుల కొఱకు ధారావాహికలు వెలసినవి. వీనికి ధనమిచ్చినవారిలో సబ్బులవర్తకులు ముఖ్యులగుటచేతఁ బరిహాసముగ సబ్బునాటకములని పేరు వచ్చినది. వానిలో గైడింగ్ లైట్ అనునది 1937లో రేడియోలో నారంభమై, 1952లో టెలివిజనునకు మాఱి, 2009 వఱకు నడచెను. ఈ శ్రోతలను గూర్చి పండితులు నవ్వుచుండఁగా, హెర్టా హెర్జోగ్ అను విదుషి వారియొద్దకే పోయి మీరేల వినుచున్నారని యడిగెను. 1940–44 నడుమ నామె ప్రకటించిన వ్యాసములు నేఁటికిని బ్రమాణములు. ఏడ్చుటకొక తావు దొరకుట, తమకు లేని సుఖమును దలఁచుకొనుట యనునవియే గాక, తమ సంసారములలోని చిక్కులకు సలహా దొరకుచున్నదని కూడ నా స్త్రీలు చెప్పిరి. మొదటి రెండును పండితు లూహించినవే. మూఁడవది యడిగిననేగాని తెలియలేదు.

భారతదేశమున హమ్ లోగ్ అను హిందీ ధారావాహిక 1984 జూలై మొదలు 1985 డిసెంబరు వఱకు దూరదర్శన్‌లో నడచెను. మనోహర్ శ్యామ్ జోషి దీని రచయిత. ప్రతిభాగాంతమున నటుఁడు అశోక్ కుమార్ వచ్చి నీతి చెప్పుచుండెను. ప్రేక్షకులనుండి లక్షలకొలఁది లేఖలు వచ్చినవి. ఇందు భాగవంతి యను పాత్ర భర్త యాగడములను మౌనముగ నోర్చు నిల్లాలు. ఇట్లుండరాదని చూపుటకే యా పాత్రను గల్పించిరి. కాని ప్రేక్షకులలోఁ బలువు రామెనే యాదర్శముగఁ గొనిరని తరువాతి పరిశోధకులు కనుఁగొనిరి. కర్త యుద్దేశ మొకటి, శ్రోత తీర్పు వేఱొకటి. ఆ పిదప 1987 జనవరి మొదలు 1988 జూలై వఱకు రామాయణము ప్రసారమయ్యెను. పట్టాభిషేకముతోఁ గథ ముగియఁగా, వాల్మీకిని దమ కులగురువుగాఁ గొల్చు పారిశుద్ధ్యకార్మికులు పంజాబున సమ్మె చేసిరి. వాల్మీకి స్వయముగఁ బాత్రయైన యుత్తరకథ లేక రామాయణము పూర్తికాదని వారి వాదము. అది తరువాతఁ బ్రసారమైనది. వీథిసభలో వంతగాఁడు అడుగు ప్రశ్న యిచ్చట సమ్మెరూపమునఁ దేశమునకు వినఁబడెను.

తెలుఁగున హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో వెలసినది. యద్దనపూడి వారి ఋతువులు నవ్వాయి నవల యాధారముగ మంజులా నాయుడు దర్శకత్వమున ఋతురాగాలు అను ధారావాహిక వచ్చి జనాదరణ పొందెను. పత్రికాధారావాహికను జదివిన తరము టెలివిజను ధారావాహికకు శ్రోత యగుట యీ యుదాహరణమునఁ బ్రత్యక్షము. 1995లో జెమిని, ఈటీవీ ప్రసారము లారంభమైనవి. పిదప చక్రవాకం, మొగలిరేకులు వంటి దినధారావాహికలు సంవత్సరములకొలఁది నడచినవి. ఉత్తర తెలంగాణపుఁ బల్లెలలో నీ ధారావాహికలు వేళ్లూనుటకు నొక స్థానికకారణమును గలదు. ఇచ్చట లెక్కకు మిక్కిలియైన స్త్రీలు ఇంటియొద్దఁ గూర్చుండి బీడీలు చుట్టుదురు. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టుటయందుఁ గన్నులును చేతులును నిమగ్నములై యుండును. చెవులకు మాత్రము తీరిక. వారు టెలివిజనును జూచుటకంటె వినుట యెక్కువ. నలుగురు గూడి పనిచేయు నరుగుమీఁద విన్న కథకు వెంటనే వ్యాఖ్యానము జరుగును. కలుపు తీయుచు నొగ్గుకథను దర్కించిన సభయే యిది. పని మాఱినది, సభ మాఱలేదు.

ఇట్టి శ్రోతలను గార్తీకదీపం అను ధారావాహిక కట్టివేసిన విధము పరిశీలింపఁదగినది. ఇది కరుత్తముత్తు అను మలయాళ ధారావాహికకుఁ దెలుఁగురూపము. 2017 అక్టోబరు 16న స్టార్ మా చానెలునం దారంభమై 2023 జనవరి 23న ముగిసెను. చిరకాలము తెలుఁగు ప్రేక్షకుల లెక్కలలోఁ బ్రథమస్థానమునం దుండెను. నాయిక దీప నల్లనిది. ఆ కారణమున నత్త మొదట నామెను దిరస్కరించును. భర్త కార్తీకుఁడు వైద్యుఁడు. వానిని గోరు మౌనిత యను వైద్యురాలు తప్పుడు పరీక్షాఫలముచేత నతనికి సంతానయోగ్యత లేదని నమ్మించును. గర్భవతియైన భార్యను భర్త శంకించును. ఆమె యిల్లు విడిచి, వంట చేసి బ్రదుకుచు బిడ్డను బెంచును.

ఈ కథ హుస్నాబాదు శ్రోతకుఁ గ్రొత్తది కాదని పాఠకు లీపాటికి గ్రహించియుందురు. శంకించిన భర్త, నిర్దోషియైన భార్య, అడవికి మాఱుగాఁ బేదవాడ, తండ్రిని దెలియని బిడ్డలు ఇందు నున్నవి. శూర్పణఖ చిత్రపటముతోఁ జేసినదానిని మౌనిత వైద్యపరీక్షతోఁ జేసెను. ప్రేక్షకులు దీపను దీప యనక వంటలక్క యనిరి, కార్తీకుని డాక్టరుబాబనిరి. కథలోని పేటజనులు పిలుచు పేళ్లనే యింటింట నందఱును బిలిచిరి. ఇది చిన్నవిషయము కాదు. అక్క యని పిలిచినవారు పాత్రకుఁ దోఁబుట్టువులైరి. ఆమె పక్షమున మాటాడు నధికారమును దామే తీసికొనిరి. రేణుకను ఎల్లమ్మ యని, అనఁగాఁ దల్లియని, పిలిచిన నోళ్లు వీరి పూర్వులవే.

2022వ సంవత్సరారంభమునఁ గథ కొక మలుపు వచ్చెను. దీపాకార్తీకులు ప్రమాదమున మరణించినట్లు చూపి, వారి కుమార్తెలు పెద్దవారైనట్లు కథను ముందునకు దుమికించిరి. ప్రేక్షకులు సమ్మతింపలేదు. వంటలక్క లేని కథ తమకేలనని నిరసించిరి. చూచువారి సంఖ్య తగ్గెను. ఆ యేఁడు ముగియకముందే దీప బ్రదికియున్నదని కథ మరలినది. ధారావాహిక ముగిసిన తరువాతను దాహము తీఱక, 2024 మార్చి 25న నా నటీనటులతోనే, వేఱుకథతో, రెండవ కార్తీకదీప మారంభమయ్యెను. హోమ్సును బ్రదికించుటకు నాంగ్లపాఠకులకుఁ బదేండ్లు పట్టినది. వంటలక్కను బ్రదికించుటకుఁ దెలుఁగు శ్రోతలకుఁ గొన్నినెలలు చాలినవి.

ఇంతవఱకుఁ జూచినచో శ్రోతయే గెలిచినట్లు తోఁచును. కాని యిచ్చటనే నేను మొదటఁ జెప్పిన లోపము గలదు. బైండ్లవాఁడు శ్రోత మొగము చూచి, యేడుపు విని కథను నడపును. టెలివిజను కథకునకు శ్రోత మొగము కనఁబడదు. ఎంపికచేసిన కొన్ని యిండ్లలోఁ దగిలించిన యంత్రము ఏ చానెలు ఎంతసేపు చూడఁబడెనో లెక్కించును. 2015 నుండి బార్క్ అను సంస్థ యా లెక్కలను వారమువారము ప్రకటించుచున్నది. ఈ లెక్క చూచుటను గ్రహించును, తీర్పును గ్రహింపదు. మౌనితను శపించుచుఁ జూచినను, మెచ్చుకొనుచుఁ జూచినను యంత్రమున కొక్కటియే. కావున శ్రోత యెంత తిట్టిన నంత కాలము దుష్టపాత్ర వర్ధిల్లును. నిజము బయటపడవలెనని యెంత తహతహలాడిన నంత కాలము నిజము దాఁచఁబడును. శ్రోత చెప్పునది శంక తీఱవలెనని. యంత్రము వినునది శంక లాభకరమని.

ఎల్లమ్మ కథ యెంత దీర్ఘమైనను బట్నము చెఱిపి, మంగళహారతి యిచ్చు వేళ యొకటి కలదు. అంతలోఁ దల్లి బ్రదుకవలెను, న్యాయము నిలువవలెను, కన్నీరు తుడుచుకొని శ్రోత యింటికిఁ బోవలెను. అది కొలుపు నియమము. కథకుఁడు దానిని దాఁటఁజాలఁడు. దినధారావాహికకు మంగళహారతి లేదు. శంకింపఁబడిన స్త్రీ యొకరాత్రి కాదు, అయిదేండ్లు శంకింపఁబడును. తన పక్షమునఁ దీర్పు వినఁగోరు శ్రోతకు నా తీర్పు వాయిదాలమీఁద వాయిదా పడును. పండితులు విచారింపవలసిన దోష మిది. శ్రోత యేడ్చుట దోషము కాదు. ఆ యేడ్పునకు ముగింపు నియ్యవలసిన ధర్మము కథకునకు లేకపోవుట దోషము.

దీనికిఁ బండితులు చేయఁగల పని యొకటి కలదు. 1956లో బిరుదురాజు రామరాజుగారు తెలుఁగు జానపదగేయములపై సిద్ధాంతవ్యాసము సమర్పించి, అంతకు మున్ను పామరులవని త్రోసివేసిన పాటలకు విశ్వవిద్యాలయమునఁ బీఠము వేసిరి. పాటలు సేకరింపఁబడినవి, కథలు సేకరింపఁబడుచున్నవి, శ్రోతల మాటలు మాత్రము సేకరింపఁబడలేదు. రేణుకను దేవతఁ జేసిన శ్రోతలు కథకునితో నేమేమి యనిరో యొక్కవాక్యమైన మనకు మిగులలేదు. ఆ లోపము మరల జరుగరాదు. పాఠశాలలోని ప్రతిపండితుఁడును దన యూర నొక యరుగు నెంచుకొని, ఏ నాఁడు ఏ కథలో నే మలుపు వచ్చెనో, దానికి వినువారు ఏమనిరో, వారి మాటను దిద్దక, పేళ్లు వ్రాయక, ఊరును దేదియు మాత్రము చేర్చి వ్రాసియుంచినచోఁ బదేండ్లకది యొక యమూల్యభాండార మగును. హెర్జోగు గ్రహించినట్లు, అడిగిననేగాని తెలియని సంగతు లందుఁ గలవు.

బీడీ చుట్టుచు నొక యిల్లాలు ఆ మగనికి బుద్ధి లేదనినప్పుడు, ఆమె యొక డాక్టరుబాబును మాత్రమే దూషించుటలేదు. జమదగ్నిమొదలు నేఁటివఱకు వచ్చిన యొక వ్యాజ్యమునఁ దన సాక్ష్యమును జెప్పుచున్నది. వ్రాసికొనువాఁడు కావలెను.